పారిస్ పాంపిడూ సెంటర్‌కి ఐదేళ్ల తాళం: మీరేమంటారు?

#1 మామిడితాండ్ర

పారిస్‌లో తొమ్మిదేళ్లుగా ఉంటున్నాను. ఇక్కడ పాంపిడూ సెంటర్ అని ఒక పెద్ద భవనం ఉంది, లోపల ఆధునిక కళల మ్యూజియం, గ్రంథాలయం, పైపులన్నీ మాత్రం బయటికే కనపడతాయి. 2025 సెప్టెంబరు 22న దాని తలుపులు పూర్తిగా మూసేశారు. మళ్లీ తెరిచేది 2030లోనట. మ్యూజియం అంతస్తులు మార్చిలోనే మూసి బొమ్మలు దించడం మొదలుపెట్టారు. మిగిలిన భాగం కూడా ఇప్పుడు అయిపోయింది.

ఆఖరి వారంలో మా పాపను తీసుకుని వెళ్లాను. లోపలున్న పెద్ద గ్రంథాలయం అప్పటికే ఖాళీ. ఆ ఖాళీలోనే వోల్ఫ్‌గాంగ్ టిల్‌మన్స్ అనే జర్మన్ ఫొటోగ్రాఫర్ ప్రదర్శన పెట్టారు. ఫొటోల సంగతి అలా ఉంచండి, నా కళ్లన్నీ కింద తివాచీ మీదే. అల్మరాలు తీసేసిన చోట్ల పట్టీలు పట్టీలుగా గుర్తులు మిగిలిపోయాయి. మన ఇంట్లో బీరువా జరిపితే గోడ మీద కనపడుతుంది చూడండి, అలాగ. వచ్చిన కొత్తలో ఫ్రెంచ్ ముక్క రాక, శనివారాలు ఆ గ్రంథాలయంలోనే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చుని నేర్చుకున్నాను. కార్డు అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు, నువ్వెవరని అడిగేవాళ్లు లేరు. నేను కూర్చునే వరస ఎక్కడుండేదో ఆ గుర్తుల్ని బట్టి వెతుక్కున్నాను.

ఇంట్లో మాత్రం మాట కలవలేదు. "ఆ పైపుల కొంపకి ఇంకా ఖర్చుపెట్టడం ఎందుకు" అంటుంది మా ఆవిడ. నాకేమో ఐదేళ్లు మూయడమే అన్యాయం అనిపిస్తోంది. ఇక్కడ ఇంజినీర్లు, ఆర్కిటెక్ట్‌లు ఉన్నారు కదా, మీ మాట వినాలనుంది.

#2 ఎర్రమట్టి

మీ ఆవిడ మాటే నా మాట. నేను పుట్టి పెరిగింది విశాఖలో. పారిస్ వెళ్లినప్పుడు ఆ బిల్డింగ్ ముందు నిలబడితే ఇంటి బెంగ పట్టుకుంది. అచ్చం మా రిఫైనరీ! ఇంత దూరం టికెట్టు పెట్టుకుని వచ్చింది దీనికా అనుకున్నా. ఐదేళ్లు గుడ్డ కప్పి ఉంచితే చుట్టుపక్కల ఇళ్లవాళ్లకి కళ్లైనా చల్లబడతాయి.

#3 లక్ష్మీపురం_పిన్ని

నేనూ చూశానండీ, 2019లో మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు. చూశాను అంటే బస్సులోంచి. మా టూరు గైడు మైకులో "ఎడమవైపు చూడండి, ఇది ఇంకా కడుతున్నారు" అన్నాడు. బస్సులో అందరం అయ్యో అనుకుని అవతలి వైపు ఫొటోలు తీసుకున్నాం. సాయంత్రం అమ్మాయికి చెబితే పడీ పడీ నవ్వింది. అది 1977లోనే పూర్తయిందమ్మా అని.

#4 స్లాబ్_సుబ్బడు

@ఎర్రమట్టి గారూ, మీరొక్కరే కాదు. తెరిచిన రోజుల్లో పారిస్ వాళ్లే దాన్ని "గొట్టాల నోత్రదామ్" అన్నారు (నోత్రదామ్ అంటే అక్కడి పేరుమోసిన చర్చి), రిఫైనరీ అని కూడా అన్నారు. కాబట్టి తిట్లకు తక్కువ లేదు. నేను స్ట్రక్చరల్ వాణ్ణి, నా కళ్లతో ఒకసారి చూడండి.

ఆ భవనంలో ఒక్కో అంతస్తు దాదాపు 45 మీటర్ల వెడల్పు, మధ్యలో ఒక్క స్తంభం లేదు. కల్యాణమండపంలో స్తంభం అడ్డొచ్చి పెళ్లికొడుకు కనపడక మెడ సాచిన వాళ్లందరికీ దాని విలువ తెలుస్తుంది. అది ఎలా సాధ్యమైందంటే, అంత పొడుగు దూలం బరువును మామూలుగా స్తంభం మీద పెడితే స్తంభం లావైపోతుంది. వీళ్లేం చేశారంటే స్తంభానికి ఒక ఉక్కు చేతిని మేకులా గుచ్చారు. దాన్ని జెర్బెరెట్ అంటారు, 19వ శతాబ్దపు జర్మన్ వంతెనల ఇంజినీరు గెర్బర్ పేరు మీద.

మన ఏతాం గుర్తు తెచ్చుకోండి. మధ్యలో గుంజ, దాని మీద ఆడే వాసం. ఒక కొసకి బాన, రెండో కొసకి బరువు. ఇదీ అంతే. జెర్బెరెట్‌కి లోపలి చెయ్యి పొట్టి, దాని మీద 45 మీటర్ల దూలం కూర్చుంటుంది. బయటి చెయ్యి పొడుగు, ఆ కొసను ఒక సన్నటి ఉక్కు కడ్డీ నేలకి లాగి పట్టుకుంటుంది. లోపల బరువు నొక్కుతుంటే బయట కడ్డీ లాగుతుంది, మధ్యలో స్తంభం ప్రశాంతంగా ఉంటుంది. మీకు ముందువైపు కనపడే ఆ సన్న కడ్డీలు అలంకారం కాదు, మొత్తం భవనాన్ని తూకంలో పెట్టేవి అవే.

ఒక్కో జెర్బెరెట్ సుమారు 10 టన్నులు. ప్లేట్లు వెల్డింగ్ చేసింది కాదు, ఉక్కు కరిగించి అచ్చులో పోసింది. జర్మనీలో క్రుప్ కంపెనీ పోసింది. అచ్చులో పోయాలన్నది పీటర్ రైస్ అనే ఐరిష్ ఇంజినీరు పట్టుదల. దగ్గరికెళ్లి చూస్తే చేత్తో మలిచినట్టు నున్నగా, కండ తిరిగినట్టు ఉంటుంది. ఇంకో ముచ్చట: స్తంభాలు బోలు గొట్టాలు, వాటిలో నీళ్లు నింపారు. నిప్పంటుకుంటే ఉక్కు వేడెక్కి మెత్తబడకుండా ఆ నీళ్లే వేడిని లాగేసుకుంటాయి.

ఇంత చేసిన భవనాన్ని రిఫైనరీ అంటే, రిఫైనరీ కట్టినవాడు కూడా కాలర్ ఎగరేస్తాడు.

#5 ఎర్రమట్టి

ఏతాం బాగా అర్థమైంది సార్, దండం. కానీ ఏతాం ఎంత గొప్పదైనా దాన్ని ఎవరూ నట్టింట్లో పెట్టుకోరు కదా. నా గొడవ దూలాలతో కాదు, పైపులతో. నీళ్ల పైపు, గాలి పైపు, కరెంటు తీగ అన్నీ పేగులు బయటేసుకున్నట్టు వీధివైపు వేలాడదీయడం ఏం సొగసు? పైగా ఎండకీ వానకీ అవే ముందు పాడయ్యేది. పాడయ్యాయి కూడా, అందుకే కదా ఈ తాళం.

#6 చార్‌మినార్_చాయ్

ఆర్కిటెక్చర్ నాలుగో ఏడు చదువుతున్నాను. రెండు ముక్కలు అనుకున్నా కానీ ఎక్కువే అయ్యేట్టుంది, సారీ.

పైపులు బయట ఎందుకంటే లోపల ఖాళీ కోసం. మామూలు భవనంలో గొట్టాలన్నీ మధ్యలో ఒక బావి లాంటి షాఫ్ట్‌లో పెట్టి, దాని చుట్టూ గదులు కడతాం. ఆ బావిని ఎప్పటికీ కదపలేం. వీళ్లు దాన్ని విప్పి వెనకవైపు రోడ్డు మీదికి తెచ్చారు. రంగులు కూడా ఊరికే వేసినవి కావు: నీలం గాలికి, ఆకుపచ్చ నీళ్లకి, పసుపు కరెంటుకి, ఎరుపు మనుషులు ఎక్కి దిగే లిఫ్టులకీ ఎస్కలేటర్లకీ. అంటే మనం కూడా ఒక పైపులో పారే సరుకే అన్నమాట, నాకు ఆ కొంటెతనం ఇష్టం.

1971లో పోటీ పెడితే 681 ఎంట్రీలు వచ్చాయి. గెలిచినవాళ్లు రెంజో పియానో, రిచర్డ్ రోజర్స్, జాన్‌ఫ్రాంకో ఫ్రాంకినీ. అప్పటికి పియానోకి 33 ఏళ్లు, రోజర్స్‌కి 37. పెద్ద పేరున్నవాళ్లు కారు. వాళ్ల డిజైన్‌లో నాకు బాగా నచ్చింది పైపులు కాదు. స్థలంలో సగమే వాడుకుని, మిగతా సగం ఖాళీ మైదానంగా వదిలేశారు. అది భవనం వైపు కొద్దిగా వాలుగా దిగుతుంది, జనం నేల మీదే చతికిలపడతారు. ప్రభుత్వం వాళ్లు ఇచ్చిన స్థలంలో సగం వదిలేస్తాం అని చెప్పి పోటీ గెలవడం మన దగ్గర ఊహించగలమా?

రోజర్స్ తానే చెప్పుకునేవాడు ఒక సంగతి. ఆ రోజుల్లో పారిస్‌లో వానలో నిలబడితే ఒక పెద్దావిడ గొడుగు పట్టిందట. మాటల్లో "ఈ భవనం ఎవరు కట్టారో" అంటే, ఈయన మురిసిపోతూ "నేనే" అన్నాడట. ఆవిడ అదే గొడుగుతో నెత్తి మీద ఒక్కటి వేసి వెళ్లిపోయిందట.

@ఎర్రమట్టి అన్నా, మీకు గొడుగు ఉందా?

#7 ఎర్రమట్టి

ఉంది తమ్ముడూ, కానీ విశాఖ గాలికి రెండు పుల్లలు విరిగాయి 😄

#8 పద్దుల_పుస్తకం

అందం సంగతి మీరు మీరు తేల్చుకోండి. నేను ఆడిట్ మనిషిని, లెక్క చూస్తాను.

2021 జనవరిలో ఫ్రాన్స్ సాంస్కృతిక శాఖ ముందు రెండు దారులు ఉన్నాయి. ఒకటి, తెరిచే ఉంచి ముక్కలు ముక్కలుగా ఏడేళ్లు పనిచేయడం. రెండోది, పూర్తిగా మూసి మూడేళ్లలో అవగొట్టడం. మూడేళ్లదే ఎంచుకున్నారు. 2023 చివర్లో మూస్తామన్నారు. తర్వాత 2024 ఒలింపిక్స్ ఉన్నాయని వాయిదా వేశారు. ఇప్పుడు మూసింది 2025లో, తెరిచేది 2030లో. మూడు కాస్తా ఐదైంది. ఇల్లు కట్టి చూడు అని ఊరికే అన్నారా.

సాంకేతిక పనులకు ప్రభుత్వం చెప్పిన లెక్క 26 కోట్ల 20 లక్షల యూరోలు. ఇది భవనం నిలబడటానికి మాత్రమే. లోపల కొత్త హంగులకు ఇంకో 18 కోట్ల పైమాటే, దాన్ని సంస్థే బయటినుంచి తెచ్చుకోవాలి. అందులో 5 కోట్ల యూరోలు సౌదీ అరేబియా ఇస్తోంది. ఫ్రాన్స్ ఆడిట్ కోర్టు 2024లోనే ఈ ఆర్థిక పరిస్థితి మీద హెచ్చరించింది. సిబ్బంది సంగతి చెప్పనే అక్కర్లేదు, 2023 చివర్లో మొదలైన సమ్మె నెలల తరబడి నడిచింది. మూసేశాక మా ఉద్యోగాలేం కావాలి, మమ్మల్ని ఎక్కడికి పంపుతారు అన్నదే వాళ్ల ప్రశ్న.

భవనం గొప్పదా కాదా అని పోట్లాడుకునేవాళ్లకి ఈ సిబ్బంది కనపడరు.

#9 స్లాబ్_సుబ్బడు

@పద్దుల_పుస్తకం గారి లెక్క నిజమే కానీ, తెరిచి ఉంచి ఎందుకు చేయలేరో కూడా చెప్పాలి. ముందువైపు అద్దాల గోడల్లో ఆస్బెస్టాస్ ఉంది. మన సిమెంటు రేకుల్లో ఉండేదే. కదపనంత కాలం గమ్మునుంటుంది, కదిపితే దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆ గోడలన్నీ విప్పి కొత్తవి పెట్టాలి. లోపల జనాన్ని, బొమ్మల్ని ఉంచి ఆ పని ఎలా చేస్తారు?

మా సొంతింటి అనుభవం చెబుతాను. కింద వాటా అద్దెకిచ్చి, పైన వాటాలో బాత్రూమ్ పగలగొట్టాం. పదిహేను రోజుల పని మూడు నెలలు పట్టింది. ఆ అద్దెకున్నాయన నాతో ఇప్పటికీ మాట్లాడడు.

ఇక ఎనర్జీ సంగతి. డిజైన్ గెలిచింది 1971లో, పెట్రోలు ధర మండింది 1973లో. ఆ అద్దాల పెట్టె వేసవిలో ఉడుకుతుంది, చలికాలంలో వేడిని వీధికి పంచిపెడుతుంది. ఈ పనుల తర్వాత ఎనర్జీ వాడకం 40 శాతం తగ్గించాలన్నది లక్ష్యం. దాంతోపాటు అగ్నిమాపక ఏర్పాట్లు, వీల్‌చైర్‌లో వచ్చేవాళ్లకు దారి, తుప్పు తీయడం. ఇవేవీ సరదా పనులు కావు.

#10 అశోక్‌నగర్_అభ్యర్థి

నేను పారిస్ చూడలేదు, చూసే యోగం దగ్గర్లో లేదు కూడా. గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నాను, చిక్కడపల్లి లైబ్రరీయే నా ఇల్లు. పొద్దున్నే బ్యాగు పెట్టి కుర్చీ పట్టుకుని, అప్పుడు టీకి వెళ్తాం. మొదటి పోస్టులో ఆ తివాచీ గుర్తుల సంగతి చదివి ఆగిపోయాను.

నా ప్రశ్న చిన్నది. బొమ్మలకేం, అవి ఇంకో మ్యూజియంకి పోతాయి. ఆ లైబ్రరీలో రోజూ కూర్చునేవాళ్లు ఎక్కడికి పోయారు? రేపు మా లైబ్రరీ ఐదేళ్లు మూస్తామంటే నా ఏజ్ లిమిట్ దాటిపోతుంది.

#11 మామిడితాండ్ర

తమ్ముడూ, ఈ చర్చలో అసలు ప్రశ్న నువ్వడిగావు.

లైబ్రరీని పూర్తిగా మూసేయలేదు. బెర్సీ వైపు, 12వ వార్డులో ల్యూమియర్ అనే ఆఫీసు బిల్డింగ్‌లోకి మార్చారు. ఆగస్టు చివర్లోనే అక్కడ తెరిచారు. ఉచితమే, కార్డు లేకుండానే. కాబట్టి ఏజ్ లిమిట్ గండం అక్కడివాళ్లకు తప్పింది.

కానీ ఒకటి చెప్పాలి. పాత చోట క్యూ ఎలా ఉండేదంటే, పరీక్షల సీజన్‌లో వెనక రోడ్డు మీద గంట నిలబడేవాళ్లం. నా ముందు మెడిసిన్ చదివే అమ్మాయి, నా వెనక రాత్రికి పడుకోవడానికి చోటు లేని పెద్దాయన. ఆయన రోజూ వచ్చి ఏదో దేశపు పేపరు చదివేవాడు. లోపలికి వెళ్లాక ఎవరు ఎవరో తెలియదు. అదే భవనంలో పై అంతస్తులో మతీస్, కాండిన్‌స్కీ లాంటి పెద్ద చిత్రకారుల బొమ్మలు. చదివి చదివి తల తిరిగితే కిటికీలోంచి కింద మైదానంలో నిప్పులు మింగేవాణ్ణి చూసేవాణ్ణి. కొత్తచోట కుర్చీ ఉంది, వైఫై ఉంది. ఆ కలగలుపు లేదు. ఆఫీసు బిల్డింగ్ ఆఫీసు బిల్డింగే.

#12 ఎర్రమట్టి

ఇప్పుడు కొంచెం సీరియస్‌గా మాట్లాడతాను. అందరూ పాత భవనాన్ని కాపాడాలి కాపాడాలి అంటున్నారు. ఈ భవనం రావడానికి ముందు అక్కడికి నాలుగు అడుగుల దూరంలో ఏముండేదో చెప్పండి. లే హాల్ మార్కెట్. 12వ శతాబ్దం నుంచి ఊరి కడుపు నింపిన సంత. 1969లో సంతను ఊరి బయట రంజిస్‌కి తోలేశారు, ఆ వెంటనే 1971 నుంచి ఇనుప మండపాలను పడగొట్టారు. 19వ శతాబ్దంలో బల్తార్ కట్టిన మండపాలవి. అక్కడ ఏళ్ల తరబడి పెద్ద గొయ్యి మిగిలింది, జనం దాన్నే చూడటానికి వచ్చేవారు.

అంటే 1970ల్లో వాళ్లు ఇనుముతో కట్టిన అందమైన పాత కట్టడాన్ని కూల్చి, పక్కనే ఇనుముతో వికారమైన కొత్తది కట్టుకున్నారు. ఇప్పుడు ఆ కొత్తది పాతదై, అయ్యో వారసత్వం అంటున్నారు. నాకు నవ్వొస్తోంది.

#13 చార్‌మినార్_చాయ్

అన్నా, మండపాల సంగతి నిజం, తప్పు జరిగింది. కానీ పాంపిడూ నిలబడిన స్థలంలో ఆ మండపాలు లేవు. ఆ స్థలాన్ని బోబూర్ దిబ్బ అంటారు, దాని మీద ఇళ్లను రోగాల కొంపలని 1930ల్లోనే తీసేశారు. తర్వాత దశాబ్దాల పాటు అది కార్లు పెట్టుకునే చోటు. కాబట్టి ఈ పాపం ఈ భవనం నెత్తిన వేయకండి.

ఇంకో సంగతి. ఇది కట్టడానికి పూనుకున్న అధ్యక్షుడు జార్జ్ పాంపిడూ 1974లోనే చనిపోయాడు, తెరవడం చూడలేదు. తర్వాత వచ్చిన జిస్కార్‌కి ఇది అసలు గిట్టలేదు. ఆపేద్దామనుకుంటే ప్రధాని షిరాక్ అడ్డుపడ్డాడు. చివరికి 1977 జనవరి 31న రిబ్బను కత్తిరించాల్సి వచ్చింది కూడా ఆ జిస్కార్‌కే!

మన దగ్గర ఇలా అడ్డుపడేవాళ్లు ఉండరు. ఢిల్లీ ప్రగతి మైదాన్‌లో హాల్ ఆఫ్ నేషన్స్ ఉండేది. రాజ్ రేవల్ డిజైన్ చేస్తే మహేంద్ర రాజ్ ఇంజినీరింగ్ చేశారు, 1972లో పూర్తయింది. పాంపిడూలాగే మధ్యలో స్తంభం లేని పెద్ద హాలు. ఉక్కు ఖరీదని ఆ జాలీ మొత్తాన్ని కాంక్రీటుతో చేతిపని మీద పోశారు. అది కూడా అప్పటికి అంతే వయసున్న ఆధునిక భవనం. 2017 ఏప్రిల్‌లో ఒక రాత్రి పూట పడగొట్టేశారు. నేను అప్పుడు స్కూల్లో ఉన్నాను, ఆర్కిటెక్చర్ అంటే ఏంటో కూడా తెలీదు. ఇప్పుడు దాని గురించి చదువుకోవాలంటే ఫొటోలే దిక్కు. వాళ్లు ఐదేళ్లు మూసి బాగుచేస్తున్నారు. నాకు అసూయగా ఉంది.

#14 చర్చా_నిర్వాహకుడు

ప్రగతి మైదాన్ మీద ఏ పార్టీది తప్పు అనే మూడు పోస్టులు తీసేశాను. దానికి వేరే విభాగం ఉంది. ఇక్కడ భవనం గురించే మాట్లాడండి.

#15 రంగుల_డబ్బా

నేను బొమ్మలు వేస్తాను, అమ్ముడుపోవు, అది వేరే కథ. 2023లో పాంపిడూలో మన చిత్రకారుడు సయ్యద్ హైదర్ రజా ప్రదర్శన పెట్టినప్పుడు ఒక ఫెలోషిప్ పుణ్యమా అని చూడగలిగాను. 1950లో పారిస్ వెళ్లి దశాబ్దాల పాటు అక్కడే బతికిన మనిషి. ఆయన బిందువు ముందు నిలబడి కళ్లు తిప్పితే కిటికీలోంచి పారిస్ కప్పులు, దూరంగా సాక్రెకర్ గుడి. లోపల రంగులు, బయట బూడిద రంగు ఊరు. మామూలు మ్యూజియంలో బొమ్మకీ ఊరికీ మధ్య మందపాటి గోడ ఉంటుంది. ఇక్కడ అద్దమే.

ఒక చిన్న తెలుగు సంగతి కూడా. మన చిత్తూరు జిల్లా నుంచి వెళ్లిన ప్రింట్ కళాకారుడు కృష్ణారెడ్డి గారు పారిస్‌లో అటెలియే 17 అనే ప్రింట్ వర్క్‌షాపులో ఏళ్లపాటు పనిచేశారు. ఒకే లోహపు రేకు మీద లోతుల తేడాతో పలు రంగులు ఒక్కసారే అచ్చువేసే పద్ధతి మీద ఆయన చేసిన పని ప్రపంచమంతా చదువుకుంటుంది. 1970ల్లో న్యూయార్క్ వెళ్లిపోయారు. ఈ భవనం లేస్తున్నప్పుడు ఆ గొట్టాల్ని చూసి ఆయన ఏమనుకున్నారో అని నాకు ఎప్పుడూ కుతూహలం.

నా భయమల్లా ఒక్కటే. కొత్త డిజైన్ చేస్తున్న మోరో కుసునోకి, ఫ్రీదా ఎస్కోబెదో మంచివాళ్లే, వాళ్ల పని నాకిష్టం. కానీ ఆ కొద్దిపాటి మొరటుతనం, ఆ గీతలు పడ్డ నేల, అక్కడక్కడా పెచ్చులూడిన నీలం రంగు పోయి, విమానాశ్రయం లాంజ్‌లాగా తయారవుతుందేమోనని.

#16 స్లాబ్_సుబ్బడు

@రంగుల_డబ్బా గారూ, పెచ్చులూడిన పెయింటు మీకు అందం, నాకు నిద్ర పట్టని టెన్షన్. పెచ్చు కింద ఉక్కు ఉంటుంది, ఉక్కు మీద తేమ ఉంటుంది.

అద్దాలు మారిస్తే అది అదే భవనమా అని మీ బెంగైతే, తాటాకిల్లు చూడండి. రెండు మూడేళ్లకోసారి కప్పు మార్చి నేస్తారు. వాసాలు పుచ్చితే వాసాలూ మారుస్తారు. తాతగారి ఇల్లు తాతగారి ఇల్లే. పైగా ఈ భవనాన్ని గీసినవాళ్లే మార్పు కోసం గీశారు. మొదటి డిజైన్‌లో అంతస్తులు కూడా పైకీ కిందికీ కదిలేట్టు ఉండాలనుకున్నారు, ముందు గోడంతా తెరలు పెట్టి వార్తలు చూపిద్దామనుకున్నారు. అవేవీ కుదరలేదు. అంటే మనం "అసలుది" అని కాపాడాలనుకుంటున్నది కూడా రాజీపడ్డ రూపమే.

#17 రంగుల_డబ్బా

తాటాకిల్లు కప్పేది ఆ ఊరి మనుషులు, ఆ ఊరి ఆకుతో. కన్సల్టెంట్లు కాదు. అయినా ఒప్పుకుంటాను, సగం.

#18 పద్దుల_పుస్తకం

ఇది మొదటి మూత కాదని ఎవరూ చెప్పలేదు. 1997 అక్టోబరులో మూసి, 2000 జనవరి 1న తెరిచారు. అప్పుడూ లోపలి అమరిక మార్చారు. అప్పుడే జరిగిన ఒక మార్పు గుర్తుంచుకోండి. అంతకుముందు ఆ ముందువైపు గాజు గొట్టంలో ఉన్న ఎస్కలేటర్ ఎక్కి ఎవరైనా పైకి వెళ్లి ఊరంతా చూసేవారు, ఉచితంగా. రోజుకి 5 వేల మంది వస్తారని కడితే 25 వేల దాకా వచ్చేవారు, అందులో చాలామంది ఎక్కింది ఆ ఎస్కలేటరే. 2000లో తెరిచాక దానికి టికెట్టు పెట్టారు. బాగుచేత పేరుతో పోయేది పెయింటు కాదండీ, ఇలాంటివి. పెయింటు మళ్లీ వేయొచ్చు. ఒకసారి పెట్టిన టికెట్టు గేటు మళ్లీ తీసినవాణ్ణి నా ముప్పై ఏళ్ల ఆడిట్‌లో ఒక్కణ్ణి చూడలేదు.

ఈసారి పైకప్పు మీద అందరికీ ఒక టెర్రస్ తెరుస్తామంటున్నారు. కింద పార్కింగ్ ఉన్న చోటు కూడా జనానికి ఇస్తారట. ఆ టెర్రస్‌కి టికెట్టా, ఉచితమా? 2030లో నేను చూసేది అదొక్కటే.

#19 అశోక్‌నగర్_అభ్యర్థి

పద్దుల_పుస్తకం సార్ పాయింటుకి వంద లైకులు. మా దగ్గర కూడా రీడింగ్ రూమ్ బాగుచేస్తారంటే మేం మొదట అడిగేది ఏసీ ఉంటుందా అని కాదు, ఫీజు పెడతారా అని.

#20 ఎర్రమట్టి

సరే, ఇప్పుడు నేనూ కొంచెం మెత్తబడ్డాను అనుకోండి. పైపులు మాత్రం నాకు ఇప్పటికీ నచ్చవు. కానీ ఎస్కలేటర్ ఉచితంగా ఉన్న రోజుల్లో వెళ్లుంటే బహుశా వేరేలా రాసేవాణ్ణి. నేను వెళ్లినరోజు కిందనే నిలబడి, ఫొటో తీసుకుని, తిట్టుకుని వచ్చేశా. లోపలికే వెళ్లలేదు. ఇది ఇన్ని పోస్టుల తర్వాత ఒప్పుకుంటున్నా, ఎవరూ స్క్రీన్‌షాట్ తీయకండి.

#21 చార్‌మినార్_చాయ్

తీశా 😄

#22 మామిడితాండ్ర

అక్టోబరు 22న ఒక వీడ్కోలు పెట్టారు. చైనా కళాకారుడు సాయ్ గువో చియాంగ్ పట్టపగలే భవనం ముఖం మీద రంగుల బాణసంచా కాల్చాడు. పాపని భుజాల మీద కూర్చోబెట్టుకుని వెళ్లా. నీలం పైపులు ఉన్నవైపు కాదు, ఎస్కలేటర్ వైపు. పొగ ఎర్రగా, పసుపుగా లేచి కడ్డీల మధ్య చిక్కుకుని, తర్వాత మెల్లగా గాలికి విడిపోయింది. మందు వాసన దీపావళి మర్నాడు పొద్దున వీధిలో వచ్చే వాసనే. పక్కనున్న ఒక ముసలాయన తన ఫ్రెండుకి చెబుతుంటే విన్నాను: తను పెళ్లయిన కొత్తలో భార్యతో ఇక్కడికి వచ్చి, ఇది కడుతున్నందుకు గొడవ చేసినవాళ్లలో ఒకడట. ఇప్పుడు ఎందుకొచ్చారో అడగాలనిపించింది, ఫ్రెంచ్‌లో మర్యాదగా ఎలా అడగాలో తేల్చుకునేలోపు జనంలో కలిసిపోయాడు.

మా ఆవిడ రాలేదు. ఫోన్లో వీడియో చూసి "బాగానే ఉంది, కానీ పైపులు పైపులే" అంది.

#23 లక్ష్మీపురం_పిన్ని

ఇంతా చదివాక నాకు ఆ భవనం లోపలికి వెళ్లి చూడాలనుంది, ఇప్పుడేమో తాళం! వచ్చే వేసవికి అమ్మాయి మళ్లీ రమ్మంటోంది. మామిడితాండ్ర గారూ, ఆ చుట్టుపక్కల ఏమైనా చూడటానికి ఉందా, లేక ఆ వైపు వెళ్లడమే దండగా? నాకు మోకాళ్ల నొప్పులు, ఎక్కువ నడవలేను.

#24 మామిడితాండ్ర

పిన్నిగారూ, తప్పకుండా వెళ్లండి. పక్కనే స్ట్రావిన్‌స్కీ ఫౌంటెన్ ఉంది. ఏనుగు, పాము, ఎర్ర పెదాలు, అన్నీ నీళ్లు చిమ్ముతూ తిరుగుతుంటాయి. 2023లో దాన్నీ బాగుచేశారు, రంగులు కొత్తగా మెరుస్తున్నాయి. గట్టు మీద కూర్చుని చూడొచ్చు, టికెట్టు లేదు. మెట్రో రాంబుతో స్టేషన్‌లో దిగితే నడక తక్కువ. పాంపిడూ వాళ్ల ప్రదర్శనలు కావాలంటే ఈ ఐదేళ్లూ గ్రాన్ పలేలో పెడుతున్నారు, ఇంకా ఓపికుంటే రైల్లో మెట్జ్ వెళ్లొచ్చు, అక్కడ పాంపిడూ వాళ్ల ఇంకో మ్యూజియం ఉంది. భవనాన్ని మాత్రం బయటినుంచే చూడాలి.

#25 లక్ష్మీపురం_పిన్ని

చాలా థాంక్స్ బాబూ. అయితే ఈసారి ఏ గైడైనా బస్సులో "ఇది ఇంకా కడుతున్నారు" అంటే నోరు మూసుకుని కూర్చోవాల్సిందే నేను. 2030 దాకా వాడి మాటే నిజం.